పదకొండేళ్ల ఎస్‌ఎంపీఎస్: కొత్త సిస్టమ్‌లో ఉంచాలా, తీసెయ్యాలా?

ఆల్బమ్_శ్రీను (కరీంనగర్)

అందరికీ నమస్తే. నాది ఫొటో స్టూడియో. పెళ్లి ఆల్బమ్‌లు, వీడియో ఎడిటింగ్ అన్నీ ఒకే సిస్టమ్ మీద చేస్తాను. 2014 చివర్లో కట్టించింది. ఐ5-4460 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 750 టీఐ గ్రాఫిక్స్ కార్డు, సీసోనిక్ ఎస్12-2 520 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పార్టులన్నిటికీ కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బా). విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో ఉచిత అప్‌డేట్లు ఆగిపోయాయి, ఈ ప్రాసెసర్ మీద 11 అధికారికంగా ఎక్కదు. పైగా డావిన్చీ రిజాల్వ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 4కే ఫుటేజ్ పెడితే టైమ్‌లైన్ కదలనంటోంది. అందుకని రైజెన్ 5 5600, బీ550 బోర్డు, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ తీసుకుంటున్నా. క్యాబినెట్, ఎస్‌ఎస్‌డీ, రెండు హార్డ్ డిస్కులు పాతవే.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర ఆగిపోయాను. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఒక షాపతను "520 చాలదు సార్, 750 గోల్డ్ తీసుకోండి" అంటున్నాడు (గోల్డ్, బ్రాంజ్ అంటే కరెంటు ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే గ్రేడ్లు). ఉన్నది ఇన్నేళ్లలో పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. కొత్త ర్యామ్ ధర వల్ల బడ్జెట్ ఇప్పటికే దాటింది. కానీ మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాక సిస్టమ్ ఆగితే కస్టమర్లకు సమాధానం చెప్పలేను. ఏం చేయమంటారు?

ఫ్రేమ్స్_పిచ్చి (హైదరాబాద్)

అన్నా, ఇంకేం ఆలోచించకండి, తీసెయ్యండి. ఆ మోడల్‌కి కంపెనీ ఇచ్చిన వారంటీ ఐదేళ్లు. మీరు దానికి రెట్టింపు దాటేశారు. అంత డబ్బు పోసి కొత్త పార్టులు కొని, వాటన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా మాత్రం పాతదే ఉంచుతారా? అయితే 750 ఎందుకో నాకూ అర్థం కాలేదు. 650 గోల్డ్ చాలు. ఏటీఎక్స్ 3.1 (ఎస్‌ఎంపీఎస్‌ల కొత్త ప్రమాణం) రకం తీసుకుంటే రేపు కార్డు మార్చినా 16 పిన్నుల కేబుల్ దాంతోనే వస్తుంది.

పాతదే_బంగారం (గుంటూరు)

వారంటీ అయిపోయిన రోజునే వస్తువు చచ్చిపోతుందని ఎక్కడా రాసి లేదు. మా షాపులో సీసీ కెమెరాల సిస్టమ్ 2010 నాటి ఎస్‌ఎంపీఎస్ మీదే ఇప్పటికీ నడుస్తోంది. సీసోనిక్ అంటే వేరే పెద్ద కంపెనీల పేర్ల మీద వచ్చిన ఎస్‌ఎంపీఎస్‌లు కూడా తయారుచేసి ఇచ్చిన సంస్థ. అలాంటిది పక్కన పడేసి, ఏ చవక డబ్బానో కొత్తగా ఉందని బిగిస్తే లాభమా నష్టమా? షాపతను అమ్ముకోవాలి కాబట్టి చాలదంటాడు. శ్రీను గారూ, ముందు లెక్క వేసుకోండి.

సుజాత_ఈఈఈ (కాకినాడ)

ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోతున్నాయి. చాలుతుందా అన్నది ఒకటి, నమ్మొచ్చా అన్నది ఇంకొకటి. చాలుతుందా అన్నది తేల్చడం తేలిక.

రైజెన్ 5 5600కి కంపెనీ చెప్పేది 65 వాట్లే అయినా, ఫుల్ లోడ్‌లో 76 దాకా తీసుకుంటుంది. 3060కి 170. బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు అన్నీ కలిపి 50, 60 వేసుకోండి. మొత్తం 300 చుట్టూ తేలుతుంది. మీ ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చూస్తే 12 వోల్టుల లైన్లు రెండుంటాయి, ఒక్కోటి 20 ఆంపియర్లు. రెండూ కలిపి 40 ఆంపియర్లు, అంటే 480 వాట్లు. కాబట్టి వాట్ల లోటేమీ లేదు, షాపతని మాట వదిలేయండి. 3060కి 550 వాట్లు ఉండాలని ఎన్విడియా చెప్పేది, ఎవరింట్లో ఏ ప్రాసెసర్ ఉందో, ఎలాంటి ఎస్‌ఎంపీఎస్ ఉందో వాళ్లకు తెలియదు కాబట్టి. చవక రకాల్లో డబ్బా మీద 500 అని రాసినా 12 వోల్టుల మీద అందులో చాలా తక్కువే దొరుకుతుంది.

నమ్మొచ్చా అన్నది మీరు చెప్పే దాన్నిబట్టి ఉంటుంది. సిస్టమ్ ఏ గదిలో ఉంది? ఏసీ ఉందా? రోజుకు ఎన్ని గంటలు నడుస్తుంది? ఇన్వర్టర్ ఏ రకం? ముఖ్యంగా, కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారేటప్పుడు సిస్టమ్ ఎలా ఉంటోంది? ఒక డిజిటల్ మీటర్ దొరికితే మోలెక్స్ కనెక్టర్ (పాత డిస్కులకు పెట్టే నాలుగు పిన్నులది) దగ్గర పసుపు, ఎరుపు తీగల వోల్టేజి కూడా చూడండి. ఊరికే ఉన్నప్పుడు ఒకసారి, వీడియో ఎక్స్‌పోర్ట్ నడుస్తున్నప్పుడు ఒకసారి.

కెపాసిటర్_బాబాయ్ (రాజమండ్రి)

శ్రీను బాబూ, మేడమ్ గారు అడిగిన ప్రశ్నలకు నిదానంగా జవాబులు చెప్పు. ఈలోపు నా మాట కూడా విను. నేను టీవీలు బాగుచేసే రోజుల నుంచి ఈ పనిలోనే ఉన్నాను.

ఎస్‌ఎంపీఎస్‌లో ముందుగా ముసలివయ్యేవి కెపాసిటర్లు (కరెంటును కాసేపు నిల్వ ఉంచే భాగాలు), ఆ తర్వాత ఫ్యాను. కెపాసిటర్ లోపల ఉండే ద్రవం ఏళ్లు గడిచేకొద్దీ ఎండుతుంది. చుట్టూ వేడి ఒక 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగానికి పడిపోతుందని మా లెక్క. అందుకే గుంటూరు ఆయన సీసీ కెమెరాల సిస్టమ్‌తో పోల్చకు. అది ఏ యాభై, అరవై వాట్లో లాగుతూ చల్లగా కూర్చుని ఉంటుంది. నీది గంటల తరబడి రెండరింగ్ చేసేది. పైగా మీ కరీంనగర్ ఎండలు నాకు తెలియనివా!

కెపాసిటర్ పాడైతే పైన ఉబ్బి కనపడుతుందని అందరూ అనుకుంటారు. ఉబ్బకుండానే విలువ సగం పడిపోయినవి నేను బోలెడు చూశాను. ఇక కొంతమంది 24 పిన్నుల కనెక్టర్‌లో పచ్చ తీగని నల్ల తీగకి క్లిప్పుతో కలిపి, ఫ్యాను తిరిగితే "బాగానే ఉంది" అంటారు. దానివల్ల తెలిసేది డబ్బా స్టార్ట్ అవుతుందని మాత్రమే. బరువు మోస్తుందో లేదో తెలియదు.

చూడాల్సిన గుర్తులు వేరే. పొద్దున్నే మొదటిసారి నొక్కితే ఆన్ అవక రెండోసారికి అవ్వడం, లోడ్ పడినప్పుడే రీస్టార్ట్ అవ్వడం, ఫ్యాను దగ్గర గరగర, కాలిన వాసన. విండోస్ లాగ్‌లో కెర్నల్-పవర్ 41 అని కనపడితే కంగారుపడొద్దు. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని చెబుతుంది తప్ప ఎందుకో చెప్పదు.

డబ్బా మాత్రం విప్పొద్దు. ప్లగ్గు తీసేశాక కూడా పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైనే నిలిచి ఉండొచ్చు. నేను విప్పిన వాటిలో సగానికి సగం లోపల దుమ్ము, చీమలు. ఒక్కోసారి ఎండిపోయిన బల్లి కూడా.

ఫ్రేమ్స్_పిచ్చి (హైదరాబాద్)

బల్లి సంగతి నిజమే బాబాయ్. వెనక ఖాళీ పీసీఐ స్లాట్ల కవర్లు లేని క్యాబినెట్ అయితే అవి నేరుగా లోపలికొచ్చేస్తాయి. మా ఫ్రెండ్ సిస్టమ్‌లో బోర్డు మీదే కాపురం పెట్టింది.

ఆల్బమ్_శ్రీను (కరీంనగర్)

అందరికీ థాంక్స్. సుజాత మేడమ్, మీరు అడిగినవి చెబుతున్నా.

స్టూడియో వెనక చిన్న గది. ఏసీ ముందు హాల్లోనే ఉంది, ఇక్కడ ఫ్యాను మాత్రమే. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా సిస్టమ్ ఆన్‌లోనే ఉంటుంది. సీజన్‌లో అర్ధరాత్రి కూడా దాటుతుంది.

మీటర్ పెట్టి చూశాను. ఊరికే ఉన్నప్పుడు పసుపు 12.08, ఎరుపు 5.06. ఎక్స్‌పోర్ట్ నడుస్తుంటే పసుపు 11.87, ఎరుపు 5.14.

ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ (గోడ కరెంటులాగే సాఫీగా ఇచ్చే రకం), 2021లో కొన్నది. మీరు కరెంటు పోవడం గురించి అడిగారు కాబట్టి గుర్తొచ్చింది. ఇదివరకు కరెంటు పోతే సిస్టమ్‌కి తెలిసేదే కాదు. పోయిన వానాకాలం నుంచి ఎక్స్‌పోర్ట్ మధ్యలో కరెంటు పోతే రీస్టార్ట్ అవుతోంది. ఫొటోషాప్‌లో మామూలు పని చేస్తున్నప్పుడు పోతే ఏమీ కావట్లేదు. ఇన్వర్టర్ బ్యాటరీ వీక్ అయిందనుకుని కొత్తది వేయించాను. అయినా అదే తంతు. అందుకే దాన్ని ఎస్‌ఎంపీఎస్ ఖాతాలో వేయలేదు.

పాతదే_బంగారం (గుంటూరు)

12 వోల్టులకు 5 శాతం అటూఇటూ ఒప్పుకుంటారు. అంటే 11.4 దాకా పాసే. 11.87 అంటే నిక్షేపంగా ఉంది. ఇన్వర్టర్ చూపించుకోండి.

సుజాత_ఈఈఈ (కాకినాడ)

బంగారం గారు చెప్పిన హద్దు నిజమే, అంకెలు హద్దుల్లోనే ఉన్నాయి. కానీ అవి కదిలిన తీరు చూడండి. 12 దిగింది, 5 ఎక్కింది. ఈ మోడల్ గ్రూప్ రెగ్యులేషన్ రకం. అంటే 12కీ 5కీ వేరువేరుగా సర్దుబాటు ఉండదు. రెండింటినీ కలిపి చూసి ఒకే సర్క్యూట్ సరిచేస్తుంది. ఒకదాని మీద బరువు పెరిగి, రెండోది ఖాళీగా ఉంటే ఒకటి కిందికీ ఇంకొకటి పైకీ పోతాయి. ఒకప్పుడు ఇది ఇబ్బంది కాదు, పాత అథ్లాన్ ఎక్స్‌పీ ప్రాసెసర్ల కాలంలో చాలా బోర్డులు ప్రాసెసర్‌కి కావలసిన కరెంటు 5 వోల్టుల నుంచే తీసుకునేవి. ఇప్పుడు ప్రాసెసర్, కార్డు రెండూ 12 మీదే. మీ కొత్త కార్డు పాతదానికి దాదాపు మూడింతలు లాగుతుంది (750 టీఐకి 60 వాట్లే). ఆ తేడా ఇంకా పెరుగుతుంది. హద్దు దాటుతుందని అనను, దగ్గరవుతుంది.

ఇంకో మాట. మీటర్ చూపేది సగటు వోల్టేజి. దాని మీద ఉండే రిపుల్ (వోల్టేజిలో సన్నని ఎగుడుదిగుళ్లు) కనపడదు, అది చూడాలంటే వాటిని తెర మీద గీసి చూపే ఆసిలోస్కోప్ కావాలి. 12 మీద 120 మిల్లీవోల్టులు, 5 మీద 50 దాటకూడదు. కెపాసిటర్లు ఎండేకొద్దీ పెరిగేది ఇదే. కాబట్టి మీటర్ బాగుందంటే ఎస్‌ఎంపీఎస్ బాగుందని కాదు.

ఇక అసలు విషయం, మీ రీస్టార్ట్. కరెంటు పోయాక ఇన్వర్టర్ అందుకునేలోపు కొన్ని మిల్లీసెకన్లు ఖాళీ ఉంటుంది. ఆ కాసేపు సిస్టమ్‌ని నిలబెట్టేది ఎస్‌ఎంపీఎస్‌లోని పెద్ద కెపాసిటర్. కొత్తగా ఉన్నప్పుడు ఫుల్ లోడ్ మీద 16, 17 మిల్లీసెకన్లు ఆపాలి. లోడ్ తక్కువైతే అంతకన్నా ఎక్కువసేపు ఆపుతుంది, లోడ్ రెట్టింపైతే వ్యవధి సగమవుతుంది. మీకు తక్కువ లోడ్‌లో నిలబడి, ఎక్కువ లోడ్‌లో పడిపోతోంది. ఇదివరకు పడేది కాదు. పెద్ద కెపాసిటర్ విలువ తగ్గితే సరిగ్గా ఇలాగే ఉంటుంది.

అయినా ఇన్వర్టర్‌ని పూర్తిగా వదిలేయడానికి వీల్లేదు. పక్కన ఇంకో సిస్టమ్ ఉందా?

విశాఖ_ఉప్పుగాలి (విశాఖపట్నం)

ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్, ఎకో మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది, ముందు అది చూడండి. ఎకోలో ఉంటే మారడానికి ఎక్కువసేపు పడుతుంది. ఫ్యాన్లు, లైట్లకు ఫరవాలేదు కానీ కంప్యూటర్ పడిపోతుంది. బ్యాటరీ మార్చే కుర్రాళ్లు ఆ స్విచ్ కదిపేసి వెళ్లిపోతుంటారు. మీది ప్యూర్ సైన్ వేవ్ కాబట్టి ఒక గొడవ తప్పింది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ నుంచి కరెంటు సాఫీగా లాగే సర్క్యూట్) ఉన్న మంచి ఎస్‌ఎంపీఎస్‌లే మొరాయిస్తాయి. దానికి ఎస్‌ఎంపీఎస్‌ని తిట్టి లాభం లేదు.

మాకు సముద్రపు గాలి ఇంకో బాధ. కనెక్టర్ల పిన్నులు నల్లబడతాయి.

ఆల్బమ్_శ్రీను (కరీంనగర్)

చూశాను. స్విచ్ యూపీఎస్ మోడ్‌లోనే ఉంది.

మా అసిస్టెంట్ సిస్టమ్ 2022లో కొన్నది, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్. దాన్ని తెచ్చి నా సాకెట్‌లోనే పెట్టి, రెండరింగ్ నడుస్తుండగా మెయిన్ దించాను. ఎన్నిసార్లు దించినా కదల్లేదు. తర్వాత నాది పెట్టి అదే చేస్తే మొదటిసారికే పడిపోయింది. హార్డ్ డిస్కులు తీసి పక్కన పెట్టాకే చేశాను, భయపడకండి.

సుజాత_ఈఈఈ (కాకినాడ)

అయితే ఇన్వర్టర్ తప్పేం లేదు. ఇప్పుడు మీ లోడ్ ఏ 180 వాట్లో ఉంటుంది, అక్కడే నిలబడట్లేదు. కొత్త సిస్టమ్‌తో 300 అయితే కరెంటు పోయిన ప్రతిసారీ ప్రాజెక్టు గాల్లో కలుస్తుంది. మార్చండి. పదకొండేళ్లు నిండాయని చెప్పడం లేదు, పరీక్షలో తేలింది కాబట్టి చెబుతున్నాను.

పాతదే_బంగారం (గుంటూరు)

సరే, ఆ డబ్బా వరకు ఒప్పుకుంటున్నా. ఏళ్లు లెక్కపెట్టి పారెయ్యమనేవాళ్లతో మాత్రం ఒప్పుకోను. అయినా తీసి పారెయ్యడం ఎందుకు? ఆ ఒక్క కెపాసిటర్ మార్పిస్తే కొన్ని వందల్లో అయిపోతుంది కదా. బాబాయ్ గారు ఏమంటారో?

కెపాసిటర్_బాబాయ్ (రాజమండ్రి)

మార్చొచ్చండీ, గంట పని. కానీ పెద్దది ఎండిపోయిందంటే దాని పక్కనే, అదే వేడిలో ఉన్న చిన్నవి పచ్చిగా ఉన్నాయనుకుంటున్నారా? అన్నీ మార్చాలి. బజార్లో దొరికే కెపాసిటర్లలో అసలుదేదో నకిలీదేదో నాబోటివాడికే ఒక్కోసారి తెలియదు. అన్నీ మార్చి, ఫ్యాను మార్చి, లోడ్ మీద పరీక్ష చేసిచ్చేసరికి కొత్తదాని ధరలో మంచి భాగమే అవుతుంది. అప్పటికీ వారంటీ ఉండదు, గ్రూప్ రెగ్యులేషన్ గ్రూప్ రెగ్యులేషనే. నా ఇంట్లో నా సిస్టమ్‌కైతే సరదాకి చేసుకుంటా. పెళ్లివాళ్ల ఫొటోలు మోసే సిస్టమ్‌కి చెయ్యను. డబ్బులొస్తాయి కదా అని కూడా చెయ్యను.

డల్లాస్_దత్తు (టెక్సస్)

శ్రీను గారూ, సంక్రాంతికి వస్తున్నాను, కావాలంటే ఇక్కడి నుంచి తెచ్చిపెడతాను. ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులని ఉంటే అక్కడా పనిచేస్తుంది, తీగ మారిస్తే చాలు. కానీ చెడిపోతే వారంటీకి మళ్లీ ఇక్కడికే పంపించాల్సి రావొచ్చు. ఆ బరువు, ఆ కొరియర్ ఖర్చు చూసుకుంటే అక్కడే కొనడం మేలని నా సలహా.

ఫ్రేమ్స్_పిచ్చి (హైదరాబాద్)

మార్చడం ఖాయమైంది కాబట్టి నా 650 గోల్డ్ మాటకే కట్టుబడి ఉన్నా. కరెంటు బిల్లు కూడా తగ్గుతుంది అన్నా.

సుజాత_ఈఈఈ (కాకినాడ)

ఎంత తగ్గుతుందో చూద్దాం. 300 వాట్ల లోడ్‌కి బ్రాంజ్ 85 శాతం సామర్థ్యంతో గోడ నుంచి 353 వాట్లు లాగుతుంది. గోల్డ్ 90 శాతమనుకుంటే 333. తేడా 20 వాట్లు. రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు ఫుల్ లోడ్‌లోనే నడిపినా 48 యూనిట్లు. యూనిట్ పది రూపాయలేసుకున్నా ఏడాదికి 480. ఆల్బమ్ డిజైన్ చేస్తూ ఎవరూ రోజంతా ఫుల్ లోడ్‌లో ఉండరు, కాబట్టి నిజంగా మిగిలేది అందులో సగం కూడా ఉండదు. బిల్లు కోసం గోల్డ్ కొనక్కర్లేదు. గోల్డ్, బ్రాంజ్ అనే 80 ప్లస్ బ్యాడ్జీ చెప్పేది సామర్థ్యం గురించే. లోపలి పార్టుల నాణ్యత గురించి కాదు.

550 బ్రాంజ్ మీకు చాలు. కొనేటప్పుడు మూడు చూడండి: ఐదేళ్ల వారంటీ, డీసీ-డీసీ కన్వర్టర్లు ఉన్న డిజైన్ (5 వోల్టులను విడిగా సర్దుబాటు చేస్తుంది, గ్రూప్ రెగ్యులేషన్ గొడవ ఉండదు), లేబుల్ మీద ఇన్‌పుట్ వోల్టేజి. మన దేశంలో అమ్మే కొన్ని మోడళ్ల మీద 200-240 అనే ఉంటుంది. పట్నంలో ఫరవాలేదు. సాయంత్రం మోటార్లు ఆన్ అయ్యేసరికి వోల్టేజి 180కి పడిపోయే ఊళ్లలో 100-240 రకమే తీసుకోవాలి.

ఆల్బమ్_శ్రీను (కరీంనగర్)

మా దగ్గర అంత పడదు కానీ 100-240 రకమే అడుగుతాను. 550 బ్రాంజ్, 650 గోల్డ్ మధ్య దాదాపు రెండున్నర వేల తేడా చెబుతున్నారు. ఆ డబ్బు బ్యాకప్ హార్డ్ డిస్క్‌లో పెడతాను. పాత ఎస్‌ఎంపీఎస్ పవర్ కేబుల్స్ కొత్తదానికి వాడుకోవచ్చా? హార్డ్ డిస్కులవి క్యాబినెట్ వెనక నీట్‌గా కట్టి ఉన్నాయి, విప్పడానికి బద్ధకం.

ఫ్రేమ్స్_పిచ్చి (హైదరాబాద్)

వద్దన్నా వద్దు! మీ పాతదానికి కేబుల్స్ డబ్బాకే అతుక్కుని వస్తాయి కాబట్టి ఎలాగూ కుదరదు. కానీ మాడ్యులర్ (కేబుల్స్ విడిగా ఊడొచ్చే ఎస్‌ఎంపీఎస్) వాళ్లందరూ ఇది చదవండి. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకో రకం, ఒకే కంపెనీలో సిరీస్‌కో రకం. ప్లగ్గు సరిగ్గా దూరుతుంది, స్విచ్ వేయగానే 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళుతుంది. ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్క్ ఒక్కసారిగా పోతాయి. డేటాతో సహా.

ఆల్బమ్_శ్రీను (కరీంనగర్)

అప్‌డేట్: తెచ్చాను, బిగించాను. 550 బ్రాంజ్, ఐదేళ్ల వారంటీ, లేబుల్ మీద 100-240. రిజాల్వ్‌లో ఎక్స్‌పోర్ట్ నడుస్తుంటే పసుపు 12.03, ఎరుపు 5.01. మెయిన్ దించి చూశాను, కదల్లేదు. పాత బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ అమ్మకానికి పెడుతున్నా. కొనే కుర్రాడు ఎస్‌ఎంపీఎస్ కూడా ఇవ్వమంటున్నాడు. ఇవ్వొచ్చా?

కెపాసిటర్_బాబాయ్ (రాజమండ్రి)

ఇవ్వొద్దు బాబూ. ఇచ్చినా ఉన్నది ఉన్నట్టు చెప్పి ఇవ్వు. నీకైతే ఇన్వర్టర్ మీదికి మారినప్పుడు పడిపోయేది. ఆ కుర్రాడు ఇంకో పెద్ద కార్డు తగిలిస్తే ఏమవుతుందో చెప్పలేం. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇచ్చెయ్, లేదా నాకు పార్శిల్ చెయ్, చార్జీలు నేనే పెట్టుకుంటా. దాని ట్రాన్స్‌ఫార్మర్లు, హీట్‌సింకులు నాకు పనికొస్తాయి.

కొత్త_సభ్యుడు_నెల్లూరు (నెల్లూరు)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. సెకండ్‌హ్యాండ్‌లో డెల్ ఆప్టిప్లెక్స్ 9020 టవర్ కొన్నాను. దానికీ ఇలాగే 550 బ్రాంజ్ తెచ్చి పెట్టి గ్రాఫిక్స్ కార్డు వేద్దామనుకుంటున్నా. సరిపోతుందా?

కెపాసిటర్_బాబాయ్ (రాజమండ్రి)

కొనక ముందు మూత తీసి బోర్డు మీద పెద్ద పవర్ కనెక్టర్ చూడు నాయనా. ఆ మోడల్‌కి మామూలు 24 పిన్నులది ఉండదు, 8 పిన్నులదే ఉంటుంది. 24 నుంచి 8కి మార్చే అడాప్టర్ కేబుల్ విడిగా కొనాలి. క్యాబినెట్‌లో డబ్బా పట్టే చోటు కూడా కొలుచుకో. రెండింటి ఫొటోలు తీసి కొత్త టాపిక్‌లో పెట్టు, అక్కడ మాట్లాడదాం.